మూడాకుల మల్లె వర్ణన

ముందుగా ఒక మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చెబుదామనే కూర్చుంటాను. రెండో వాక్యానికల్లా చీమకు తొండం మొలుస్తుంది, మూడో వాక్యానికి దాని మీద అంబారీ కడతాను. కాబట్టి ఇందులో మంచు లోతు, పూలకుండీ బరువు, నేను పడ్డ కష్టం వగైరాలను నాలుగో వంతుకు కోసుకుని చదువుకోండి. మా అక్క మాటలను మాత్రం కోయకండి. అవి అసలే తక్కువ.

అక్క నాకన్నా చాలా పెద్దది. తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైంది. బావ పోయాక కూతురి దగ్గరికి, కెనడాలోని ఈ కిచెనర్‌కు వచ్చింది. అప్పటికే నేను ఈ ఊళ్లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కూర్చుని జుట్టు రాల్చుకుంటున్నాను. మా ఇంటికీ మేనకోడలి ఇంటికీ మధ్య నాలుగు వీధులు. చలికాలంలో ఆ నాలుగు వీధులు దాటాలంటే వీలునామా రాసి బయల్దేరాలి. ఈ కథ జరిగిన ఏడు మంచు ఎంత పడిందంటే, పొద్దున్నే పార పట్టుకుని వెళ్తే ముందు ఇల్లు దొరికేది, ఆ తర్వాత కారు దొరికేది.

క్లాసులో అక్కది ఒకటే పట్టు. మొక్కను చేతికిస్తే ముందు వర్ణించాలి. ఆవాసం, ఆకృతి, వేరు, కాండం, పత్రం, పుష్పవిన్యాసం, పుష్పం, ఫలం. ఈ వరస తప్పకూడదు. పేరు అన్నిటికన్నా చివర. పేరు ముందు రాసిన కుర్రాడికి సున్నా, అది సరైన పేరైనా సరే. "పేరు ఎవరైనా చెబుతారు, చూశావా లేదా చెప్పు" అనేది. ఆ పాఠాలన్నీ ఇంట్లో ఇడ్లీ తింటూ పైకే అప్పజెప్పుకునేది కాబట్టి, లెక్కల గ్రూపులో చదివిన నాకు కూడా ఆ వరస కంఠతా వచ్చేసింది.

నన్ను కూడా అక్క ఒక మొక్కలాగే చూసింది. తాటిచెట్టంత పామును చూశానని చిన్నప్పుడు నేను రొప్పుతూ ఇంటికొస్తే, పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండా "వానపాము" అనేది. అంతే. ఈ వయసులోనూ అంతే. ఆఫీసులో వెయ్యి మంది ముందు మాట్లాడానంటే "పదిమంది" అనేది. నేను పెంచడం, తను కత్తిరించడం. మా ఇద్దరి మధ్య ప్రేమ అనేది ఉంటే అది అలాగే ఉండేది.

కిందటేడు ఆకులు రాలే రోజుల్లో అక్కకు స్ట్రోక్ వచ్చింది. కాలూ చేయీ మెల్లగా తిరిగొచ్చాయి. మాట రాలేదు. మనం చెప్పేదంతా తెలుస్తుంది. తను చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. పేరు మాత్రం నోటిదాకా రాదు. మంచినీళ్లు కావాలంటే గ్లాసు వైపు చూస్తూ "అది... అది..." అని తొడ మీద కొట్టుకునేది. కన్న కూతురిని పిలవలేదు. నన్నూ పిలవలేదు.

మాట నేర్పడానికి వారం వారం ఒక అమ్మాయి ఇంటికొచ్చేది. ఇక్కడి పిల్లే. చాలా ఓపిక. బొమ్మల కార్డులు ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, ఇదేమిటి అని ఇంగ్లీషులో అడిగేది. దాన్ని తెలుగు చేయడం నా పని. "అక్కా, ఇదేంటో చెబితే కెనడా ప్రభుత్వం నీకు పద్మశ్రీ ఇస్తుందట" అనేవాణ్ణి. తాళంచెవి, దువ్వెన, చెంచా. అక్క కార్డు వైపు చూసేది, పెదవులు కదిలేవి, కళ్లు మూసుకునేది. "ఇట్స్ ఓకే, టేక్ యువర్ టైమ్" అనేది ఆ అమ్మాయి. ఒకరోజు అక్క కార్డులన్నీ తీసి బోర్లా పెట్టేసింది. ఆ తర్వాత "అది" అనడం కూడా మానేసింది.

ఒకసారి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. ప్రయత్నం ఆపేస్తే దారి ఇంకా మూసుకుపోతుందట. మేనకోడలు తల ఊపి, తలుపు వేసి, అక్కడే జాకెట్ల మధ్య నిలబడి ఏడ్చింది.

నేనేం చేశాను? ప్రతి శనివారం వెళ్లి పక్కన కూర్చుని కోతలు కోశాను. హైవే మీద నా కారుకు దుప్పి ఎదురొచ్చి లిఫ్ట్ అడిగిందన్నాను. అక్క చూసేది, అంతే. దిద్దేవాళ్లు లేకపోతే నా మాటలకు రుచి ఉండదని నాకు అప్పుడే తెలిసింది. వాటిని ఎక్కడ ఆపాలో కూడా తెలిసేది కాదు.

ఆ చలికాలంలోనే పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి కాల్గరీ వెళ్లిపోతూ, ఒక పూలకుండీ మేనకోడలికి ఇచ్చాడు. ఆయనది తూర్పు ఆఫ్రికా. వాళ్ల ఊరి పొదల్లో దానంతటదే పెరిగే తీగట, మల్లెజాతిదట, చలి తగలకుండా చూసుకోమన్నాడు. దాన్ని వంటింటి కిటికీ పక్కకు చేర్చడానికి నా నడుము రెండుగా విరిగి మళ్లీ అతుక్కుంది. ఆ బరువు చూస్తే కుండీలో ఆఫ్రికా ఖండం సగం ఉందనిపించింది.

"మామయ్యా, ఇది మల్లేనా?" అంది మేనకోడలు.

"మల్లె కాదు. సన్నజాజి. ఆ మాత్రం తెలీదా?"

"నీకేం తెలుసులే. ఉండు, యాప్‌లో స్కాన్ చేస్తా."

"వద్దే. మీ అమ్మ ఉన్న ఇంట్లో పేరు ముందు చూస్తే సున్నా."

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. అక్కకు బొమ్మ చూపించి పేరు అడుగుతున్నాం. జీవితమంతా పేరు చివర చెప్పిన మనిషిని ముందు పేరు చెప్పమంటున్నాం! పైగా తప్పు వింటే ఊరుకోలేని మనిషి. సరే, తప్పే చెబుతాను. కుండీ పక్కన చేతులు కట్టుకుని, ప్రాక్టికల్స్ రోజు కుర్రాడిలా నిలబడ్డాను.

"ఆవాసం, కిచెనర్, హీటర్ పక్కన. ఆకృతి, ఏనుగును కట్టేయగల తీగ. కాండం, లేత కొమ్మల మీద నూగు, అప్పుడప్పుడే మీసం వస్తున్నట్టు. పత్రం, సరళపత్రం. కణుపు కణుపుకూ విడివిడి ఆకులు, ఒక లక్ష."

అక్క చేయి కుర్చీ పట్టె మీద ఠపీమని పడింది.

"కా... కాదు."

మేనకోడలి చేతిలో గరిటె సింకులో పడింది. ఆ చప్పుడుకు కూడా అక్క ఇటు తిరగలేదు. లేచి, కిటికీ దాకా నడిచి, ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. నాకు మూడు ఆకుల్లా కనిపించినవి ఒకే కాడకు ఉన్నాయి. చివరిది పెద్దది, పక్కవి రెండూ చిన్నవి.

"మూ... మూడు." ఊపిరి తీసుకుంది. "ఒక్క... ఆకు. త్రి... త్రిపత్రక... సంయుక్త పత్రం."

నెలలుగా గాలి తప్ప ఏమీ రాని నోటి నుంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది. మేమిద్దరం కదల్లేదు. కదిలితే ఎగిరిపోతుందేమోనని భయం.

ఆనందం పట్టలేక మేనకోడలు సింకులోంచి గరిటె తీసి చూపించి "అమ్మా, మరి ఇదేంటి?" అంది. అక్క ముఖం మళ్లీ మూసుకుపోయింది.

తర్వాతి వారం మాట నేర్పే అమ్మాయి వచ్చి, మొదట చెంచా బొమ్మ పెట్టింది. అక్క దాన్ని బోర్లించలేదు. చాలాసేపు చూసింది.

"ఆవాసం," అంది.

నేను దాన్ని ఇంగ్లీషులో చెబితే ఆ అమ్మాయి నా వైపు అనుమానంగా చూసింది. నేను తోచింది కల్పించి చెబుతున్నానని ఆమెకు అప్పటికే తెలిసిపోయినట్టుంది.

"వంట... ఇల్లు," అంది అక్క. "కాండం... పొడుగు. ఆకు... ఒకటి. గుంట." కళ్లు మూసుకుంది. తెరిచింది. "చెంచా."

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇందులో పెంచినదేమీ లేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ప్రతి వస్తువూ ఒక మొక్కే. దువ్వెనకు వేళ్లు చాలా. టీవీ రిమోట్ ఆవాసం సోఫా సందు. గొడుగుకు ఒకే కాండం, పువ్వు మాత్రం వానాకాలంలోనే పూస్తుంది. ఒక్కోసారి చివరి పేరు వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. రాకపోయినా అక్క కార్డు బోర్లించేది కాదు, మళ్లీ ఆవాసం దగ్గర మొదలుపెట్టేది. ఆ అమ్మాయి కూడా "ఆవాసం?" అని తెలుగులోనే అడగడం నేర్చుకుంది.

ఎండలు వచ్చాక కుండీని వెనక డెక్ మీదికి మార్చాం. నా నడుము సంగతి ఇక చెప్పను. ఒక సాయంత్రం తీగ పూసింది. తెల్లటి పూలు, సన్నటి పొడుగాటి గొట్టం, చివర నక్షత్రంలా విడిపోయిన రేకలు. వాసన లేక్ ఒంటారియో దాకా వెళ్లి తిరిగొచ్చింది.

అక్క ఒక పువ్వును ఒళ్లో పెట్టుకుని, వేలి కొసతో రేకలు తడుముతూ లెక్కపెట్టింది. "ఏడు." గొట్టాన్ని గోటితో నిలువునా చీల్చింది. "కేసరాలు... రెండు." తర్వాత ఒక్క గుక్కలో, ఎక్కడా తడబడకుండా "మకుటదళోపరిస్థితం" అంది.

కేసరాలు విడిగా లేవు, రేకలకే అంటుకుని ఉన్నాయని దానర్థం. నాకు ఇప్పటికీ నోరు తిరగదు. మంచినీళ్లను ఇంకా "నీ... నీ..." దగ్గరే ఆపే మనిషి ఆ మాటను అరటిపండులా ఒలిచి పెట్టింది.

వర్ణన అయింది కాబట్టి మేనకోడలు ఫోన్ తీసింది. లాటిన్ పేరు వచ్చింది, ఫ్లూమినెన్సే అని. ఆ మాటకు రియో ఊరిది అని అర్థమట. పుట్టింది ఆఫ్రికాలో. ఎప్పుడో ఎవరో ఓడలో బ్రెజిల్ తీసుకెళ్లారు. అక్కడ రియో దగ్గర దాన్ని చూసి వర్ణించినాయన అది ఆ నేలదే అనుకున్నాడు. ముందు అచ్చైన పేరే ఖాయం కాబట్టి ఆ మొక్క ఇప్పటికీ తనది కాని ఊరి పేరుతోనే ఉంది. ఇదంతా మేనకోడలు చదివి చెప్పింది. అక్క శ్రద్ధగా విన్నది.

"ఆవాసం... తప్పు."

"అయితే ఆయనకు సున్నానా అక్కా?"

ఆలోచించింది. "వర్ణన... సరి. సగం మార్కులు."

నవ్వాం. నవ్వు ఆగాక అక్క నా వైపు తిరిగింది. చెంచా వైపు చూసినట్టే చాలాసేపు చూసింది.

"ఆవాసం... సోఫా," అంది. "ఆకృతి... గుండ్రం." నా తల మీద చేయి పెట్టింది. "ఆకులు... రాలినయ్." మేనకోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "ఫలం... కోతలు."

కళ్లు మూసుకుంది. తెరిచింది. చిన్నప్పుడు ఇంట్లో నన్ను పిలిచే పేరు వచ్చింది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఇంకెవరూ లేరు. ఇక్కడ రాయను.

ఇదంతా రాసి మొన్న అక్కకు చదివి వినిపించాను. కుండీ బరువుకు, దుప్పికి, నా నడుముకు ఊరుకుంది. వాటిని ఎంతకు కోసుకోవాలో తనకు తెలుసు. "అప్పుడు నాకొక ఉపాయం తట్టింది" అన్నచోట కాగితానికి చేయి అడ్డం పెట్టింది.

"కాదు."

నిజమే. ఉపాయం లేదు, ఏమీ లేదు. పేరు చివర చెప్పే మనిషిని ముందు పేరు అడుగుతున్నామన్న తెలివైన ముక్క కూడా ఆ చెంచా తర్వాత తట్టిందే. తప్పు చెప్పి మాట రప్పిద్దామని నేను లేవలేదు. ఊరికే ఆమె ముందు గొప్పకు పోయి లేచాను. ఆ మూడూ విడివిడి ఆకులేనని నిజంగానే అనుకున్నాను. ఇందులో నేను కల్పించింది ఆ ఒక్కటే, నా తెలివి.

"తీసేయమంటావా?" అన్నాను.

అక్క చేయి తీసింది. "ఉంచు," అంది. "దిద్ది... ఉంచు."