రెండు ఇసుక సంచులు

రాజమండ్రి వర్క్‌షాపుకు నన్ను మేనేజరుగా వేసేసరికి నా సర్వీసు ఇంకా నాలుగేళ్లే మిగిలి ఉంది. అంతకు ముందు తణుకులో ఉండేవాణ్ణి. వేసవి మొదట్లో వచ్చి చేరాను. బదిలీ కాగితం చూసి మా ఆవిడ, ఇంకెన్నిసార్లు సామాన్లు సర్దాలండీ అంది. నాకూ ఓపిక తగ్గింది. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. కార్ల కింద దూరి చూసే వయసు దాటిపోయింది, ఇక కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడమే మిగిలింది అనుకున్నాను. నేను చేసిన తప్పు అక్కణ్ణించే మొదలైంది.

వర్క్‌షాపులో మేనేజరు కింద ఇద్దరు ఫోర్‌మన్లు, వాళ్ల కింద మెకానిక్కులు. బండి లోపలికి రాగానే జాబ్ కార్డు రాస్తారు. యజమాని చెప్పిన ఫిర్యాదు ఏమిటి, మేం చూసింది ఏమిటి, మార్చింది ఏమిటి, ఈ మూడూ అందులో ఉండాలి. ప్రమాదం జరిగిన బండి అయితే జాబ్ కార్డు చాలదు. మేనేజరు స్వయంగా పరీక్షించి, కారణం రాసి, సంతకం పెట్టిన రిపోర్టు కావాలి. ఇన్సూరెన్సు వాళ్లయినా, బండి యజమాని అయినా ఆ కాగితాన్నే నమ్ముతారు. తోలినవాడు ఏమన్నాడో ఎవరికీ అక్కర్లేదు.

నేను చేరిన నెలలోనే కోనసీమ నుంచి ఒక మిషను ఆసుపత్రి వాళ్ల కారు వచ్చింది. పొడుగాటి బండి. వెనక సీట్లు తీసేసి స్ట్రెచర్ పట్టేలా చేసుకున్నారు. ఇంజను ముందు, లాగే చక్రాలు వెనక. గోదావరి పాయకు అవతలి లంక ఊళ్ల నుంచి రోగుల్ని తెచ్చేది ఆ బండే. అది వచ్చే దారి ఎలాంటిదో ఇక్కడే చెప్పేస్తాను. లంకలో రోగిని ఎక్కించుకుని పంటు మీద ఏరు దాటాలి. రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిచిందే పంటు. ఇవతలి రేవులో దిగాక ఒండ్రు మట్టి వాలు మీద తిన్నగా పైకి ఎక్కితే ఏటిగట్టు వస్తుంది. గట్టు దిగితే కాలవ రోడ్డు. ఆసుపత్రి దాకా ఆ రోడ్డంతా మలుపులే, ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరి చెట్లు.

డ్రైవరు పేరు దానియేలు. యాభై రెండేళ్లుంటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రి బండి తోలుతున్నారు. తెల్ల చొక్కా, జేబులో చిన్న దువ్వెన. అడిగినదానికి "ఆయ్" అనడమే తప్ప తనంతట తాను మాట్లాడే మనిషి కాదు. మాట్లాడింది ఆయనతో వచ్చిన సూపరింటెండెంటు డాక్టరు సరోజిని గారు. మలుపుల్లో బండి ఒరిగిపోతోందని, స్ట్రెచర్ మీద రోగి అటూ ఇటూ దొర్లుతున్నాడని, నర్సులకు కడుపులో తిప్పుతోందని ఆవిడ ఫిర్యాదు.

కార్ల సస్పెన్షన్‌లో ఏది మంచిదని నన్ను ఇప్పటికీ పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కూడా అడుగుతుంటారు. మంచిదంటూ ఏదీ లేదు. మెత్తటి స్ప్రింగు వేస్తే చక్రం నేలను వదలదు, గుంట వస్తే గుంటలోకి దిగుతుంది, గట్టు వస్తే గట్టెక్కుతుంది. తిన్నగా లాగడానికి ఆ పట్టే కావాలి. కానీ మలుపులో బండి ఒరుగుతుంది. ఒరగకుండా గట్టి చేస్తే మలుపు బాగుంటుంది, ఎగుడుదిగుడు నేల మీద మాత్రం ఒక చక్రం గాల్లో తేలుతుంది. ఇంజను తిప్పుడును రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ ఎలాంటిదంటే, పట్టు లేని చక్రానికే తిరుగుడంతా పంపిస్తుంది. అది ఉత్తినే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదిరే వ్యవహారం కాదది.

ఒరగడాన్ని ఆపడానికి స్టెబిలైజర్ బార్ అని ఒకటుంటుంది. కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ అడ్డంగా కలిపే ఇనప కడ్డీ. దాన్ని లావుగా వేస్తే ఒరుగుడు తగ్గుతుంది. ముందు వెయ్యచ్చు, వెనకా వెయ్యచ్చు. వెనక చక్రాలు లాగే బండికి ముందు వెయ్యడం సరైన పద్ధతి. ఆ సంగతి నాకు తెలియక కాదు. ముందు వెయ్యాలంటే ఇంజను కింది భాగాలు దించాలి, ఒక రోజు పని. వెనకైతే నాలుగు బోల్టులు. పైగా లావుపాటి వెనక బార్ ఒకటి స్టోర్‌లో సిద్ధంగా ఉంది. ఫోర్‌మన్ అప్పారావు, "ముందుకి వేద్దామాండి?" అని ఒక మాట అడిగాడు కూడా. ఎండ మండిపోతోంది. వెనకే వేసెయ్యమన్నాను.

వర్క్‌షాపు సిమెంటు ఆవరణలో ఖాళీ బండిని నాలుగు చుట్లు తిప్పి చూశాం. బండి నిటారుగా నిలబడి తిరిగింది. డాక్టరు గారు థాంక్స్ చెప్పి ఉత్తరం రాశారు. రేవు ఎలా ఉంటుందని నేను అడగలేదు. ఎండాకాలం కనక రేవు కూడా ఊరుకుంది.

గోదావరికి ఎర్రనీరు వచ్చిన వారంలో ఆ బండి క్రేను మీద మళ్లీ వచ్చింది. కాలవ రోడ్డు మలుపులో వెనక భాగం విసురుగా పక్కకు జారి కొబ్బరి చెట్టుకు కొట్టుకుంది. ఆ చెట్టే లేకపోతే కాలవలోకే పోయేది. బండిలో ఉన్న రోగి ఆవిడకు ఏమీ కాలేదు కానీ, స్ట్రెచర్ పక్కన కూర్చున్న ఆమె తమ్ముడికి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి కమిటీ వాళ్లు, దానియేలుకు వయసు మీద పడింది, తీసేద్దాం అంటున్నారని డాక్టరు గారు ఫోన్‌లో చెప్పారు. "తప్పు మనిషిదో బండిదో మీరు రాసివ్వండి. మీ కాగితాన్ని బట్టే నిర్ణయం" అన్నారు.

వెనక తలుపు తీసి చూస్తే చిట్టచివర, ఇరుసుకు బాగా అవతల, రెండు ఇసుక సంచులు కనపడ్డాయి. గోనె సంచుల్లో తడి ఇసుక నింపి, కదలకుండా తాడుతో కట్టారు. కారణం చేతికి దొరికిందనుకున్నాను. తోక దగ్గర అంత బరువు పెడితే ముక్కు తేలికవుతుంది, మలుపులో ఆ బరువే తోకను బయటికి ఈడుస్తుంది. వర్క్‌షాపులో మొదటి ఏడాది కుర్రాడికైనా తెలిసే విషయం.

దానియేలు గారు తల దించుకుని పక్కనే నిలబడ్డారు. ఇవి ఎవరు పెట్టారని అడిగాను.

"నేనేనండి."

"ఎవరినైనా అడిగి పెట్టారా?"

"లేదండి. రేవులో అండి..."

రేవు సంగతి తరవాత, అడిగినదానికి చెప్పండి అన్నాను. ఆయన "ఆయ్" అని ఊరుకున్నారు. అనుమతి లేకుండా వెనక ఇరుసుకు అవతల అదనపు బరువు ఉంచడం వల్ల బండి అదుపు తప్పిందని రిపోర్టు రాసి సంతకం చేశాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కమిటీ ఆయన్ని ఉద్యోగంలోంచి తియ్యకుండా, దయ తలచి, ఆసుపత్రి గేటు దగ్గర కాపలాకి వేసింది. బండి రిపేరై వెళ్లేసరికి వానలు తగ్గాయి, దాన్ని కొత్త డ్రైవరుకు ఇచ్చారు.

మూడు నెలలు గడిచాయి. తుపాను వాన పడుతున్న ఒక పొద్దున్న డాక్టరు సరోజిని గారు ఫోన్ చేశారు. నొప్పులు పడుతున్న మనిషిని లంక నుంచి తెస్తుంటే బండి రేవు వాలులో దిగబడిపోయింది. ఒక చక్రం గిర్రున తిరగడమే తప్ప అంగుళం ఎక్కలేదు. పంటు వాళ్లు, రేవులో ఉన్న జనం కలిసి ముప్పావుగంట నెట్టి గట్టెక్కించారు. తల్లీ బిడ్డా దక్కారు. అది వాళ్ల రెక్కల కష్టం, నా గొప్ప కాదు. "సంచులు తియ్యమన్నారు, తీశాం. ఇప్పుడు బండి ఎక్కట్లేదు. ఏంటండి ఇది?" అని డాక్టరు గారు అడిగారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఫోన్ పెట్టేశాక నా రిపోర్టు నకలు తీసి చదివాను. "రేవులో అండి" అన్న మాట గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మర్నాడు వానలోనే వెళ్లాను. గేటు తీసింది దానియేలు గారే. నమస్కారం పెట్టారు. రేవుకు రమ్మంటే గొడుగు పట్టుకుని వచ్చారు. బండిని నేనే తోలాను. వాలు మొదట్లో ఎడమ చక్రం మట్టి దిబ్బ ఎక్కగానే, లావుపాటి బార్ కుడి చక్రాన్ని కూడా పైకి లాగేసింది. కుడి చక్రం ఉత్తినే తిరిగింది. ఇంజను అరిచింది, బండి మాత్రం అక్కడే ఉంది. నేను వేయించిన బార్, నాలుగు బోల్టుల పని.

దిగి ఆయన దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు రేవు గురించి ఏదో చెప్పబోయారు" అన్నాను.

"ఆయ్. ఇదేనండి" అన్నారాయన.

ఆ తరవాత మెల్లగా చెప్పుకొచ్చారు. వానలు మొదలైన రెండో రోజే బండి రేవులో జారిందట. మునుపు అలా జారేది కాదు. మేనేజరు గారు చేసిన పనిలో తప్పుంటుందని అనుకోవడం ఎలా? లోపం రేవుదేమో అనుకుని, ట్రాక్టరు వాళ్లు చేసినట్టు బరువు వేశారు. స్ట్రెచర్‌కి అడ్డం కనక ఇరుసు మీద చోటు లేదు, అందుకని చివర పెట్టారు. బరువు వేశాక బండి రేవు ఎక్కింది. మలుపులో తోక ఊగడం ఆయనకీ తెలిసింది, నెమ్మదిగానే వచ్చేవారు. ప్రమాదం జరిగిన రోజు రోగికి ఊపిరి అందట్లేదని వెనక నుంచి నర్సమ్మ తొందర చేసింది. నేను చేసిన తప్పును ఆయన ఇంకో తప్పుతో సర్దుకుంటూ ఆరు వారాలు బండి నడిపారన్నమాట.

ఆ బండిని వర్క్‌షాపులో రెండు రోజులు ఉంచుకున్నాం. వెనక లావు బార్ తీసేసి పాత సన్నదే వేశాం. ఇంజను కింది భాగాలు దించి ముందు లావు బార్ బిగించాం. వెనక షాకబ్జార్లు కొత్తవి వేశాం. ఒరుగుడును ముందు చక్రాలు భరిస్తాయి, వెనకవి నేలను పట్టుకుని లాగుతాయి. ఈసారి స్ట్రెచర్ మీద అప్పారావును పడుకోబెట్టి, ఇద్దరు మెకానిక్కుల్ని కూర్చోబెట్టి, అసలు రేవుకే తీసుకెళ్లాం. స్టీరింగు దానియేలు గారికి ఇచ్చాను. బండి ఒక్క ఊపున గట్టెక్కింది. కాలవ రోడ్డు మీద రెండు మలుపులు తిరిగాక, "ముక్కు బయటికి లాగుతోందండి" అన్నారు. నిజమే. రేవులో పట్టు కావాలంటే మలుపులో ఆ మాత్రం వదులుకోవాలి. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలని చెప్పాను.

"చెబితే తగ్గించనాండి?" అన్నారు.

రెండో రిపోర్టు రాశాను. వెనక బార్ ఎంపిక నాదని, అది తప్పని, సంచులు దాని పర్యవసానమని, డ్రైవరుకు విషయం చెప్పే అవకాశం నేను ఇవ్వలేదని నాలుగు వాక్యాలు. మా పై అధికారి ఫోన్ చేసి, ఒకసారి ఇచ్చిన రిపోర్టు మార్చడం మనకు మంచిది కాదండి, రిటైరయ్యే ముందు ఎందుకీ తలనొప్పి అన్నారు. మార్చకపోతే ఉన్న తలనొప్పి సంగతి ఆయనకు చెప్పలేదు. మెమో వచ్చింది. అది నా సర్వీసు ఫైల్లో ఇప్పటికీ ఉండి ఉంటుంది. కమిటీ దానియేలు గారికి తాళం చెవి తిరిగి ఇచ్చింది. భుజం విరిగిన మనిషిని చూడ్డానికి నేనూ ఆయనా కలిసి వెళ్లాం. అతను మమ్మల్ని కూర్చోమనలేదు. అనాల్సిన పనీ లేదు.

ఆ తరవాత మా జాబ్ కార్డుల మీద, బండిలో ఏం మోస్తున్నారు అన్న గడి పక్కన, "ఎందుకు" అని చేత్తో రాయించేవాణ్ణి. అచ్చు వేయించమంటే పై వాళ్లు ఒప్పుకోలేదు. బండి ఏ దారిన పోతుందో, తోలేవాడు దాన్ని ఎలా సర్దుకుంటున్నాడో తెలియకుండా స్ప్రింగు ఎంచడం కుదరదు. తోలేవాడు తనంతట తాను చేసిన ప్రతి మార్పూ, మనం చేసిన పని మీద ఫిర్యాదేనని ముందు అనుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ముప్పై ఏళ్లు పట్టక్కర్లేదు దీనికి.

దానియేలు గారు మాత్రం ఆ రోజు నుంచి ఏ చిన్న పని చెయ్యాలన్నా నాకు ఫోన్ చేస్తున్నారు. అది గౌరవమని నేను అనుకోను. మొన్న వానాకాలం కూడా చేశారు. రేవు బురదగా ఉంది, వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గిద్దామనుకుంటున్నానండి, మీకో మాట చెప్పి చేద్దామని అన్నారు. నేను రిటైరై ఏడాది దాటిందని, ఆయన బండి ఆయనకే బాగా తెలుసని చెప్పాను.

"ఆయ్, తెలుసండి" అన్నారు. "అయినా రేపేదైనా అయితే, ఎవరినడిగి చేశావని కాగితం రాసేది మీ వాళ్లే కదండి."