చుట్టం గుడ్డలు

మా అత్త బొమ్మల ప్రదర్శన విశాఖలో పెడుతున్నారని నిన్న ఫోన్‌కి ఆహ్వానం వచ్చింది. అందులో ఆవిడను ‘ప్రకృతిలో తన అస్తిత్వాన్ని వెతుక్కుంటున్న ప్రవాస చిత్రకారిణి’ అన్నారు. నాకు తెలిసి ఆవిడ ఎక్కువగా వెతుక్కునేది కళ్లద్దాలు. మా మేనమామ పై చదువుకు పోలండ్ వెళ్లి, పట్టాతోపాటు ఆవిడనూ తెచ్చుకున్నాడు. ఆ పట్టా ఇప్పుడెక్కడుందో తెలీదు గానీ, అత్త మాత్రం హుకుంపేట దగ్గరి మా కొండ ఊళ్లో పాతుకుపోయింది. వానలు పడితే చాలు, అడవిలో పుట్టగొడుగులు ఏరడంలో ఎదురింటి అవ్వకు పోటీ. ఆకుల రసాలతో చీరంత గుడ్డల మీద బొమ్మలు వేసేది. మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు, దాని పక్కనే వాళ్ల దేశపు తెల్లబెరడు చెట్టు. మా కొండకు కాఫీ మొక్కా, సిల్వర్ ఓకూ కూడా ఎక్కడెక్కడినుంచో వచ్చినవే. వాటిని మాత్రం ‘మీది ఏ ఊరు?’ అని ఎవరూ అడగరు.

అప్పట్లో అత్తకు ఒకటే బెంగ. ఊళ్లో అందరూ ఆవిడను ‘మా సుట్టం’ అనేవారు. చుట్టాలొచ్చారంటే అతిథులొచ్చారనే ఆవిడ నేర్చుకున్న తెలుగు. ఇన్నేళ్లు కాపురం చేసినా ఇంకా అతిథినేనా అని మనసు కష్టపెట్టుకుంది. ఊరికి తన బొమ్మలన్నీ చూపిస్తాననీ, అప్పటికీ చుట్టంగానే మిగిలితే విశాఖకు మకాం మార్చేద్దామనీ మామయ్యతో తేల్చి చెప్పింది. మామయ్య సరేనన్నాడు. ఆయన దేనికైనా సరేనంటాడు. పెళ్లి కూడా అలాగే జరిగిందని మా అమ్మ అనుమానం.

కాఫీ గింజలు ఆరబోసే కళ్లంలో తాళ్లు కట్టి గుడ్డలు వేలాడదీశాం. బొమ్మలు చూడ్డానికి అరకునుంచి వచ్చే నలుగురికి ఎదురెళ్లి తీసుకొద్దామని అత్తా మామయ్యా రోడ్డు దాకా వెళ్లారు. ఇంతలో కొండ మీంచి అకాల వర్షం దిగింది. ఆడవాళ్లంతా పరుగున వచ్చి, ఆరబోసిన గింజలు అలాగే వదిలేసి, అత్త బొమ్మలు లాగి, ఉతికిన బట్టల్లా నీటుగా మడతపెట్టి తలా ఒకటి ఇంటికి పట్టుకుపోయారు. అత్త తిరిగొచ్చేసరికి ప్రదర్శనలో మిగిలినవి ఖాళీ తాళ్లూ, నేనూ. నన్నెవరూ చూడలేదు.

ఎదురింటి అవ్వ గుమ్మంలోంచి పిలిచింది. తడుస్తున్న గింజల్లో సగం ఆవిడవే.

“ఇలా రాయే. గింజలు రేపైనా ఆరతాయి. సుట్టం గుడ్డలు తడిసిపోతే ఎలాగ?”

“నేను చుట్టం కాదు,” అంది అత్త.

అవ్వ తెల్లబోయింది. “మరేటి, పరాయిదానివా?”

చుట్టమంటే బంధువు కూడానని, అవ్వ అంటున్నది అదేనని నేను చెప్పాను. అత్త అవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అవ్వ వీపు నిమిరింది.

“బేగి ఏడవే. పొయ్యి మీద అన్నం మాడిపోతంది.”

ఆ రోజు వచ్చినవాళ్లు ఇల్లిల్లూ తిరిగి, మంచాల మీద మడతలు విప్పించుకుని బొమ్మలు చూశారు. ఇంటికో గ్లాసు కాఫీ తప్పలేదు. కళ గురించి వాళ్లేమన్నారో గుర్తులేదు. మకాం మార్చే మాట మాత్రం అత్త మళ్లీ ఎత్తలేదు.

మనిషి ఊరు చేరే రోజు ఒకటి, చేరానని తెలిసే రోజు ఇంకొకటి. ఆ రెంటి మధ్యా అత్త ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఊళ్లో ఎవరికీ తెలీదు. వాళ్ల లెక్కలో అసలా మధ్యకాలమే లేదు.