కోటయ్య మాస్టారి గడ్డం బ్రష్షులు

గత ఆదివారం ఉదయం చీరాల బస్సు దిగి నేల మీద కాలు మోపానో లేదో, మా పాఠశాల అటెండరు ఎదురొచ్చి డ్రిల్లు మాస్టారు కోటయ్యగారు లేరన్నాడు. ఊళ్ళో లేరేమోననుకున్నాను. పోయారని రెండోసారి చెప్పాక గానీ ఆ మాట నా బుద్ధికి అందలేదు. శనివారం సాయంత్రం మైదానంలో పిల్లల చేత సున్నంతో గీతలు వేయిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డారట. గుంటూరు చేరేలోగానే ప్రాణం పోయింది. అదే బడిలో పదకొండేళ్ళుగా తెలుగు పండితుడిగా ఉన్న నాకు, ఆ చంచలమూర్తి అంత నిశ్చలంగా పడుకోగలడన్నది మధ్యాహ్నం కళ్ళారా చూసినా నమ్మశక్యం కాలేదు.

ఆయనకు కూర్చోవడం చేతకాదు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. ఉపాధ్యాయుల గదిలో ఆయన కుర్చీలో టోపీ కూర్చునేది, ఆయన వరండాలో తిరిగేవారు. "పని మిగిలుంటే కాలు నిలవదండి శాస్త్రిగారూ" అనేవారు. ఏం పని మిగిలిందో నాకు చాలాకాలం తెలియదు.

మా ఊరికి రెండు మైళ్ళ దూరాన, పత్తిచేల నడుమ కుష్ఠురోగుల ఆశ్రమం ఒకటుంది. అక్కడుండే పేరయ్య అనే వృద్ధుడు ఒకనాడు బడి గేటు బయట నక్కి, లోపల చదువుకుంటున్న మనవణ్ణి చూస్తున్నాడు. కోటయ్యగారు లోపలికి రమ్మంటే, మాసిన గడ్డంతో వాడి కంట పడలేనన్నాడట. ఏ మంగలీ ఆశ్రమం వైపు వెళ్ళడు. ఆ ఆదివారమే మాస్టారు రేజరూ సబ్బూ సంచిలో వేసుకుని బయలుదేరారు. పేరయ్య ఒక్కడితో మొదలైన క్షౌరం కొద్దివారాల్లో పదముగ్గురికైంది.

పుండ్లున్నవారందరికీ ఒకే బ్రష్షు వాడకూడదని అక్కడి నర్సమ్మ హెచ్చరించింది. మనిషికొకటి కావాలి. మేలురకం బ్రష్షులు బడిపంతులు కొనగలిగేవి కావు. గుంటూరు బజారులో చవకరకం పందివెంట్రుకల బ్రష్షులు దొరికేవి. వాటిని రకానికొకటి తెచ్చి, తన ముఖం మీదే పరీక్షకు పెట్టారు. ఒకటి వేడినీళ్ళలో ముంచగానే లక్క కరిగి పిడి ఊడింది. ఇంకొకటి నురగతోపాటు వెంట్రుకలనూ చెంపకు అంటించేది. మూడోదాని కంపుకు ఆయన భార్య సుబ్బమ్మగారు దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. నిలదొక్కుకున్న రకాన్ని రోజూ నానబెట్టి, వెంట్రుకల కొసలు చీలి మెత్తబడేదాకా అరచేతిలో సబ్బుతో తిప్పేవారు. ఆ నెలంతా పూటకొకసారి గడ్డం గీసుకుని, పండుమిరపకాయల్లాంటి చెంపలతో బడికి వచ్చేవారు.

వాళ్ళకు స్పర్శే ఉండదు కదా, ఇంత పరీక్ష దేనికని అడిగాను. శాస్త్రాలు చదివిన నేనే అడిగాను.

"అందుకేనండి. గుచ్చుకున్నా వాళ్ళకు తెలీదు. నా చెంపకన్నా తెలియాలిగా" అన్నారు.

పదముగ్గురిలో మస్తాన్ అనే ఆయన ఒకప్పుడు దూదేకి పరుపులు కుట్టినవాడు. చూపు మందగించింది. బ్రష్షు దేనితో చేసిందో చెప్పకపోతే ఆయనకు తెలిసేది కాదు. పందివెంట్రుకలని మాస్టారే చెప్పారు. మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. గడ్డం కింది పుండుకు మందు వేయాలంటే గీయక తప్పదు. మాస్టారు బ్రష్షు పక్కన పెట్టి, ఉత్త చేత్తోనే నురగ పూయసాగారు. కాసేపటికి మస్తాన్ అన్న మాట నర్సమ్మ ఊళ్ళోకి వచ్చినప్పుడు నాకు చెప్పింది. "ఈ పక్క తెలుస్తోంది మాస్టారూ. మీ చెయ్యి వెచ్చగా ఉంది."

మేకవెంట్రుకల బ్రష్షు కోసం మాస్టారు ఒంగోలు దాకా తిరిగి, చివరకు సంపాదించారు. అది చూసి మస్తాన్ వద్దన్నాడు, చెయ్యే చాలన్నాడు.

ఈ సంగతి ఊరికి తెలిసింది. మా ఊరి మంగలి ఆయనకు జుట్టు కత్తిరించడం మానేశాడు. ఉపాధ్యాయుల గదిలో మేం ఆయన గ్లాసు వేరుపెట్టాం. నేను నా కుర్చీని కిటికీ వైపు జరుపుకుని, గాలి కోసమన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు ఈ వారమంతా నన్ను నిలవనివ్వడం లేదు.

అంత్యక్రియలయ్యాక ఆశ్రమానికి ఎవరూ కబురు చేయలేదని స్ఫురించింది. నడిచి వెళ్ళాను. అక్కడికి వెళ్ళడం అదే మొదలు. వేపచెట్టు నీడన పదముగ్గురూ పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నారు. ఎవరి బ్రష్షు వారి ముందు నీళ్ళముంతలో నానుతోంది. మస్తాన్ ముందు మాత్రం ముంత లేదు. సంగతి చెప్పాను. పేరయ్య నావైపు చూసి మెల్లగా అడిగాడు.

"ఆయన బదులు తమరొచ్చారా అండీ?"

కబురు చెప్పడానికే వచ్చానన్నాను. వెనక్కి తిరిగాక మళ్ళీ అటు చూడలేకపోయాను.

మహనీయులు అస్తమించినప్పుడు పూడ్చరాని లోటని రాయడం మావంటి వాళ్ళకు వాడుక. నేనూ ఎందరి విషయంలోనో రాశాను. ఈసారి కలం సాగడం లేదు. కోటయ్యగారి వంటి కరుణామయుడు మళ్ళీ పుట్టడన్నది సత్యమే. కానీ ఆ సత్యం చాటున దాక్కోవడం నాకెంత సుఖమో ఇప్పుడు తెలుస్తోంది. రేపు మళ్ళీ ఆదివారం. ఆ పుణ్యమూర్తికి చేతులు జోడించాను. జోడించిన చేతులను ఆ తర్వాత ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేకున్నాను.