బడికి పెట్టిన సారె

మా ఇంట్లో ఒక ఇత్తడి తాంబాళం ఉంది. దానికీ నాకూ పడదు. పెళ్ళిలో మా ఆవిడతోపాటు సారెగా వచ్చింది. మంచం కింద పట్టదు, బీరువా మీద నిలవదు. వంటింటి అటక మీద గోడకు ఆనించి పెడితే, నేను వేరే దేనికోసమో చెయ్యి పెట్టిన ప్రతిసారీ నా కాలి బొటనవేలిని వెతుక్కుంటూ దిగివస్తుంది. ఎనిమిదేళ్ళలో దాన్ని బయటికి తీసింది రెండేసార్లు. మొదటిసారి మా అమ్మాయి పేరు పెట్టే నాడు. రెండోసారి జరిగింది ఇది.

మాది తమిళనాడులో, కడంబత్తూరు స్టేషన్ దిగి ఆటోలో పోయే పల్లె. నేను రోజూ రైలెక్కి తిరువళ్ళూరులో ఒక ఆఫీసుకు పోతాను. అక్కడ పెద్దగా ఏమీ పాడుచెయ్యకుండా సాయంత్రానికి తిరిగి వస్తాను. ఊళ్ళో బడులు రెండు. ఒకటి సర్కారుది. రెండు గదులు, ఒక వేపచెట్టు, ఒక టీచరు. నేను చదివింది అందులోనే. పాఠాలు తమిళంలో, తిట్లు తెలుగులో. రెండూ ఇప్పటికీ మరిచిపోలేదు. రెండోది హైవే పక్కన మూడంతస్తుల ప్రైవేటు బడి. అందులో లిఫ్టు ఉందంటారు. ఎక్కినవాళ్ళెవరూ నాకు తారసపడలేదు.

సర్కారు బడి టీచరు తిరుత్తణి నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఊరంతా టీచరక్క అంటాం. మొన్న ఎండాకాలంలో ఆమె మమ్మల్ని బడి వరండాలో కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ఒకటో తరగతిలో చేరడానికి ఒక్క బిడ్డ కూడా లేదు. జూన్‌లో కూడా ఆ పేజీ ఖాళీగానే ఉంటే ఈ బడిని పట్టాల అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. ఉన్న పదకొండుమంది పిల్లలూ రోజూ రైలుపట్టాలు దాటి నడవాలి.

బడి కమిటీకి పెద్ద, నాకు వరసకు మామ అయ్యే రైతు, గొంతు సవరించుకున్నాడు.

"ఈ రచ్చంతా ఎందుకు టీచరక్కా? గవర్నమెంటు ఒక్కో బిడ్డకని పెట్టే కర్చు మన చేతికే చీటీగా రాసిచ్చేస్తే పోలా? ఎవురికి నచ్చిన పళ్ళికూడానికి వాళ్ళు పోతారు."

"చీటీ నీ చేతిలో ఉంటాది మామా, సీటు వాళ్ళ చేతిలో ఉంటాది. సీటు లేదు పో అంటే ఆ చీటీని ఏం చేస్తావు? నానబెట్టుకోని తాగతావా?" అంది టీచరక్క.

"ఇప్పుడు మాత్రం ఇస్తా ఉండారు గదా, ప్రైవేటులో ఫ్రీ సీట్లు? ఫీజు గవర్నమెంటే కడతాది. కులుక్కల్ వేసి, చీట్లు కలిపి పేర్లు తీస్తారు."

"పోయిన ఏడు ఆ కులుక్కల్‌లో నీ మనవరాలి పేరు రాలేదు. అందుకే గదా ఆ పాప ఇప్పుడు నా దగ్గర చదవతా ఉండేది?"

మామ వేపచెట్టు వైపు చూశాడు. చెట్టు ఆయన పక్షాన ఏమీ మాట్లాడలేదు.

నేను కూడా మాట్లాడలేదు. అది వినయం కాదు. ఈ ఏటి కులుక్కల్‌కు, ఒకటో తరగతికే, మా అమ్మాయి పేరు ఇచ్చి ఉన్నాం. ఆ ముక్క చెప్పడానికి సందు దొరకలేదు. గట్టిగా వెతకనూ లేదు.

చివరికి టీచరక్కే ఉపాయం చెప్పింది. ఈ మధ్య మా పక్క ఊళ్ళలో సర్కారు బడికి సారె పెడుతున్నారు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు పెట్టినట్టే. పళ్ళు, పలకలు, నోటుపుస్తకాలు, చాపలు, ఫ్యాను, అన్నీ పళ్ళేల్లో, తలల మీద, మేళంతో వీధంతా ఊరేగించి బడికి తెచ్చి అప్పగిస్తారు. అది చూసి బడి మనదే అన్న రోషం పుడుతుందని ఆశ.

"నేను ఇంటింటికీ తిరిగితే రాని బిడ్డ, మేళం సద్దుకన్నా వస్తాది," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "అబ్బయ్యా, నువ్వు ఈడ చదివి డిగ్రీ తెచ్చుకున్నోడివి. నాలుగు మాటలు నువ్వే మాట్లాడాల."

ఒప్పుకున్నాను. సర్కారు బడి అంటే నాకు నిజంగానే ఇష్టం. పక్కింటివాళ్ళ పిల్లలంతా అందులోనే చదవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

కులుక్కల్‌లో మా అమ్మాయి పేరు వచ్చింది. ఇంట్లో పాయసం చేశాం. సారెకు ముందురోజు సాయంత్రం నేను ఉపన్యాసం రాసుకుంటుంటే, మా ఆవిడ కొత్త యూనిఫారానికి బొత్తాలు కుడుతోంది. ఆమె నాకు మేనమామ కూతురు. కాబట్టి మా మధ్య మొహమాటాలు లేవు.

"రేపు దీనికి టై కట్టి ఆ బడికి పంపిస్తావు. ఈ బడికాడికి పోయి, పిల్లోళ్ళని ఈడ చేర్చండి అంటావు. నోరు నొప్పి పుట్టదా బావా?"

"రెండిట్లోనూ పెట్టేది గవర్నమెంటు డబ్బే గదా," అన్నాను. అది నాకు కాస్త తెలివైన మాటగానే వినిపించింది.

"ఆమా, ఆమా. మైకు పట్టుకోని దీన్నే చెప్పు."

మర్నాడు శుక్రవారం. రాహుకాలం రాకముందే బయలుదేరాలని తొమ్మిదికల్లా వీధి చివర చేరాం. డప్పులు, ఒక నాదస్వరం, ఇరవైమంది జనం. నా తాంబాళంలో అరటిపళ్ళు, పలకలు పేర్చి, మీద మల్లెపూలు చల్లారు. మామ అన్నీ ఒకసారి పరకాయించి చూశాడు.

"నీదే అన్నిటికన్నా పెద్దది. నువ్వు ముందర నడువబ్బా."

ఎనిమిదేళ్ళకు దానికొక పని దొరికిందన్న సంబరంలో నడిచేశాను. మా వాళ్ళలో సారె మొదటి పళ్ళెం ఎత్తుకునేది పిల్ల తండ్రి. అతని వెనకే పిల్ల నడుస్తుంది. ఈ సంగతి నాకు సగం వీధి దాటాక గుర్తొచ్చింది. అప్పటికి పళ్ళెం తల మీద ఉంది. వెనక్కి తిరిగే వీలు లేదు.

అంతలో వెనకనుంచి హారన్ మోగింది. హైవే బడి వ్యాను. మా వీధిలో ఒక ఊరేగింపు, ఒక వ్యాను పక్కపక్కన పట్టవు. డప్పులవాళ్ళు దారి ఇవ్వలేదు. డ్రైవరు మంచివాడిలా ఉన్నాడు, హారన్ ఆపి మా వెంటే మెల్లగా వచ్చాడు. మొదటి కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. దాని మెడలోని టై పొద్దున నేనే కట్టాను, కొంచెం వంకరగా.

"నాన్నా! ఓ నాన్నా! మన తాంబాళం!"

పాపకు మేళం నచ్చిందనుకుని డప్పులవాళ్ళు ఇంకాస్త గట్టిగా వాయించారు. గడపల్లో నిలబడినవాళ్ళు మొదట నన్ను చూశారు, తర్వాత కిటికీని చూశారు, మళ్ళీ నన్ను చూశారు. నేను బరువు మోస్తున్నవాడి ముఖం పెట్టుకున్నాను. బడి గేటు ముందు మేము ఆగాం. వ్యాను మమ్మల్ని తప్పించుకుని హైవే వైపు తిరిగింది. ఒక చిన్న చెయ్యి మలుపుదాకా ఊగుతూనే ఉంది.

వరండాలో మైకు సిద్ధంగా ఉంది. టీచరక్క ఒకటో తరగతి రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, వచ్చే జనాన్ని ఒక్కొక్కరినే చూస్తోంది. గేటు దగ్గర హారతి పళ్ళెంతో బడి వంట ఆయమ్మ నిలబడి ఉంది. నేను ఇక్కడ చదివేటప్పుడు నా కంచంలో గుడ్డు వేసింది ఆమే. నాకు హారతి ఇచ్చింది, బొట్టు పెట్టింది, తాంబాళం అందుకుని జాగ్రత్తగా కిందికి దించింది. తర్వాత నా భుజం పక్కనుంచి వంగి, నా వెనకాల ఎవరన్నా ఉన్నారేమోనని చూసింది.

"సారె మోసుకోనొచ్చినావు గదరా," అనింది. "పిల్ల యాడ?"