బారాత్‌లో రాక్ బ్యాండ్

మా గిటారిస్టు శ్రీనన్న అసలు బ్యాండు ఏనాడో రద్దయింది. సరదాకు మాతో పెట్టుకున్న ఈ రెండో బ్యాండు మాత్రం పన్నెండేళ్లుగా నాచారంలోని ఓ షెడ్డులో, శ్రోతలెవరూ లేకుండా, నిరాటంకంగా కొనసాగుతోంది. ఈ రోజు తొలి ఆహ్వానంపై ఉప్పల్‌లో ఒక పెళ్లికి హాజరయ్యాం. స్టేజీ ఎక్కడని విచారించగా పెళ్లికొడుకు మేనమామ విస్తుపోయాడు.

"స్టేజేంది అన్నా? బారాత్‌ల బ్యాండోళ్లు పెళ్లికొడుకు గుర్రం ముంగట గదా నడిచేది!"

"మాది రాక్ బ్యాండ్ అన్నా. గిటార్‌కు కరెంటు కావాలె."

"గంతేనా? లైట్ల జనరేటర్ బండి పక్కపొంటి నడువుండ్రి!"

అత్యవసరంగా సమావేశమై, డ్రమ్స్‌ను ట్రాలీ ఆటో ఎక్కించి, ఏకగ్రీవంగా నడిచాం. శ్రీనన్న సోలో అందుకోగానే గుర్రం మినహా యావన్మందీ ఎగిరారు. "మళ్లొక్కసారి కొట్టున్రి!" అని జనం అరవడం మా చరిత్రలో ఇదే ప్రథమం. మీ ఇంట బారాత్ ఉన్నచో తెలియజేయగలరు. స్టేజీ అవసరం లేదని తీర్మానించాం.