ఫోన్ మార్పుకు పెట్టిన వేలు

మా కెంచమ్మత్తకు భయమంటే తెలియదని రాయచెర్ల ఊరంతా అనుకునేది. గొర్రెల మందలోకి వచ్చిన తోడేలును చేతికర్రతో తరిమిన మనిషి. అలాంటిది, ఇంటి ఫోన్ మార్చుకుని సగమైపోయింది. నేను ఆమె అన్న కొడుకుని, గోపికృష్ణని. కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

అత్తకు పదెకరాలు. ఎనిమిది ఎకరాలు సోలార్ కంపెనీకి ఇరవై ఎనిమిదేళ్ళకు గుత్తకిచ్చింది. ఆ రోజు కాగితాల మీద ఎన్నిచోట్ల బొటనవేలు ఒత్తిందో ఆమెకే గుర్తులేదు. కొన్నాళ్ళకే చుట్టూ కంచె పడింది. వంక పక్కనున్న రెండెకరాలు మాత్రం ప్రాణం పోయినా ఇవ్వనంది. మా మామ హొన్నూరప్పను పూడ్చింది అక్కడే. తననూ ఆయన పక్కనే పూడ్చాలంటుంది.

ఒక మధ్యాహ్నం వీరేశ్ అనేవాడు మెడలో కార్డు వేసుకుని వచ్చాడు. ఇంటి ఫోనూ ఇంటర్నెట్టూ కలిపి అమ్మే మనిషి.

"పెద్దమ్మా, మీ పాత ఫోన్ కంపెనీ ఈ నెలాఖరుకు మూతపడతాది. ఇప్పుడే మారకపోతే నంబరు పోతాది."

"నాకు ఇంటర్నెట్టు ఎందుకప్పా? మా కూతురు నేత్రావతి అత్తగారింటినుంచి చేస్తే మాట్లాడేదానికి ఇది చాల్దా?"

"ఈ లైను సోలార్ ఊళ్ళకని పైనుంచి వచ్చిండాది. ఊరంతా పెట్టించుకున్నారు, నువ్వొక్కదానివే మిగిలిండేది. వద్దంటే చెప్పు, నీ పేరు రాసి పైన ఇస్తాను."

అంతా శుద్ధ అబద్ధం. కానీ సోలార్ అనే మాట వింటే మా ఊళ్ళో సగం మందికి వేలు దానంతటదే ముందుకొస్తుంది. వాడు అగ్గిపెట్టెంత వేలిముద్ర యంత్రం చాపాడు. అత్త వేలు పెట్టింది. సరిగా పడలేదంటూ మూడుసార్లు పెట్టించుకుని పోయాడు.

సాయంత్రం పక్కింటి పాపన్నకు ఆ సంగతి చెప్పింది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "సోలార్ పేరు చెప్పి మూడుతూర్లు వేలు పెట్టించుకున్నాడా? అక్కా, ఆ రెండెకరాలు కూడా పాయెనేమో చూసుకో!" పాపన్న నోటికి అడ్డూ ఆపూ లేదు. అనేసి బీడీ ముట్టించుకున్నాడు. అత్త గుండెలో రాయి పడింది.

అప్పటినుంచి పొద్దున లేస్తే వంక పక్కనే ఉండేది. దూరంగా కంపెనీ జీపు కనిపించినా లేచి నిలబడేది. అయిదో రోజు ఇద్దరు పనివాళ్ళు వచ్చి ఆ చేని పక్క దారిలో గుంతలు తీయడం మొదలుపెట్టారు. వీరేశ్ అమ్మిన ఇంటర్నెట్ తీగకు స్తంభాలు నాటడానికి వచ్చారు వాళ్ళు. అత్తకు అవి కంచె గుంతలే అనిపించాయి. కబురు తెలిసి నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఒక గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది.

"గోపీ, మీ మామను తవ్వి యాడికి తీసకపోతారురా?" అంది.

అది తీగ కోసమేనని పనివాళ్ళు చెప్పినా నాకూ భయంగానే ఉంది. వేలిముద్రతో ఏమేం పోతాయో, నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి, ఆమెకన్నా నాకే ఎక్కువ తెలుసు.

మరునాడు అత్తను బండి మీద పావగడ తాలూకా ఆఫీసుకు తీసుకెళ్ళి, భూమి ఎవరి పేరున ఉందో చెప్పే పహణీ కాగితం తీయించాను. రెండెకరాలూ అత్త పేరునే ఉన్నాయి. నేను చదివింది చాలక, అత్త ఆఫీసు బయట ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత కూడా చదివించుకుంది.

ఇక ఆ కనెక్షన్ తీసేయించి పాత ఫోనే పెట్టిద్దామని వీరేశ్‌ను పిలిపించాను. వాడు వచ్చీ రాగానే యంత్రం బయటికి తీశాడు.

"రద్దు చేయాలన్నా వేలు పడాల్సిందే సార్."

అత్త చెయ్యి కొంగులో దాచుకుంది. "వద్దులేప్పా. నీ ఇంటర్నెట్టు పెట్టె ఈడే ఉండనీ" అంది. వాడు నవ్వుకుంటూ పోయాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది కానీ కొట్టలేదు.

భూమి నిలిచింది, భయం పోయి ఉంటుందనుకున్నాను. పై నెలలో వెళ్ళి చూస్తే బియ్యం డబ్బా ఖాళీగా ఉంది. రేషన్ అంగట్లోనూ వేలు పెట్టాలి కదా.

"బియ్యానికి పోలేదా అత్తా?"

"పోలేదురా. రాగులుండాయి" అంది సంగటి కెలుకుతూ.

ఆమె కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక గట్టిగా చుట్టి ఉంది. దెబ్బ తగిలిందా అని అడిగితే లేదంది.