కొబ్బరినీళ్లు తాగిన తుపాకీ

మొన్న వంటింట్లో కొబ్బరికాయ కొడుతుంటే నాలుగు చుక్కలు చింది కత్తిపీట మీద పడ్డాయి. తుడుద్దామనుకుంటూనే పొయ్యి మీద పాలు చూసుకోవడంలో పడి మరిచిపోయాను. పొద్దున చూస్తే ఆ నాలుగు చుక్కలూ నాలుగు ఎర్రటి మచ్చలై కూర్చున్నాయి. ఇంకొకరైతే కాస్త చింతపండు పెట్టి తోమేసి ఊరుకుందురు. నేను మాత్రం వాటి ముందు పీట వేసుకుని, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. పాముకీ చీకటికీ జడవని దాన్ని, తుప్పుకి జడుస్తాను. ఈ భయం నాకు మా ఇంటి తుపాకీ వల్ల పట్టుకుంది.

అది మా తాతది. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో పనికొచ్చిన తాతని బిలాస్‌పూర్ దగ్గర కర్గీ రోడ్ స్టేషన్ అవతల అడవిలో పట్టాలు చూసే పనికి వేశారట. అక్కడ ఎలుగుబంట్లు తమకీ డ్యూటీ ఉన్నట్టే పట్టాల వెంట తిరిగేవట. అందుకని రెండు గొట్టాల తుపాకీ, దానికో లైసెన్సు సంపాదించాడు. తనని చూసి ఎలుగుబంటి పారిపోయిందని తాత చెప్పేవాడు. ఎలుగుని చూసి తాతే పారిపోయాడని నాయనమ్మ చెప్పేది. ఏదైతేనేం, ఇద్దరిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. తాత తర్వాత నాన్నకి, నాన్న తర్వాత మా అన్నయ్యకి తుపాకీ లైసెన్సుతో సహా వచ్చింది.

బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్లో విజయదశమి నాడు ఆయుధపూజ అంటే నాన్న స్పానర్లు, అమ్మ కత్తిపీట, నా జామెట్రీ బాక్సు, వీటన్నిటి నడుమ పెద్దమనిషిలా తుపాకీ. దానికి స్నానం చేయించే పని నాది. గోడకి నిలబెట్టి గొట్టాల్లో పసుపునీళ్లు పోసేదాన్ని. ఆ పైన దేవుడికి కొట్టిన కాయలోని నీళ్లు ఒక్కో గొట్టానికి ఒక్కో గుక్క పట్టేదాన్ని. అందరికీ ప్రసాదం పెట్టి దీన్నొక్కదాన్నీ ఎలా వదిలేస్తామని అమ్మ అనేది. హారతి అయ్యాక నాన్న ఆ నీళ్లు వంపేసి, గొట్టాలు తుడిచి, పెరట్లోకి తీసుకెళ్లి ఆకాశంలోకి ఒక్కసారి పేల్చేవాడు. కాలనీలో కాకులన్నీ లేచిపోయేవి. మేం చెవులు మూసుకుని ఎగిరేవాళ్లం. మర్నాడు నాన్న ఒక్కడే వరండాలో కూర్చుని, పొడుగాటి ఊచకి నూనెగుడ్డ చుట్టి, గొట్టాల లోపల గంటసేపు రుద్దుకునేవాడు. అందులో హారతీ లేదు, బూరెలూ లేవు. అందుకని అది కూడా పూజలో భాగమేనని మాకెవరికీ తట్టలేదు.

నాన్న పోయాక పేల్చడం ఆగిపోయింది. పూజ ఆగలేదు. నన్ను ఇదే ఊళ్లో ఇచ్చారు కాబట్టి ప్రతి దసరాకీ వెళ్లి, జామెట్రీ బాక్సు వయసు దాటిపోయినా, ఆ స్నానం నేనే చేయించేదాన్ని. నీళ్లు వంపినంత వంపి, బొట్టు పెట్టి, గుడ్డ సంచిలో చుట్టి బీరువాలో నిలబెట్టేవాళ్లం. నూనెగుడ్డ ఊచ ఏ పాత సామాన్లలో పోయిందో ఎవరూ వెతకలేదు. అలా ఎన్నేళ్లు గడిచాయో లెక్కపెట్టాలంటే నాకు ధైర్యం చాలదు.

అన్నయ్య ఇంజన్ డ్రైవరుగా రిటైరై, ఊరి చివర చకర్‌భాటా వైపు ఇల్లు కట్టుకున్నాడు. సందుకి ఇవతల మా ఇల్లు. కిందటేడు ఆయనకి మనవరాలు పుట్టింది. పిల్లకి మొదటి దసరా కాబట్టి నాన్న పేల్చినట్టే తనూ పేల్చాలని అన్నయ్యకి బుద్ధి పుట్టింది. గాల్లో పేల్చడం నేరమని మా మేనల్లుడు, అంటే అన్నయ్య కొడుకు, హిందీలో గట్టిగానే చెప్పాడు. "అచ్ఛా! బాణాసంచా మోతలో ఎవడికి ఇనబడతాదిరా?" అని అన్నయ్య కొట్టిపారేశాడు. బీరువా తీస్తే తుపాకీ మీద కర్ర పగిలి, ఇనుము నల్లబడి ఉంది. బాగుచేయించడానికి నన్నూ తోడు తీసుకెళ్లాడు.

గోల్ బజార్ వెనక సందులో తుపాకులు బాగుచేసే ముసలాయన గొట్టాలు విడదీసి, ఒక చివర బల్బు పెట్టి, రెండో చివర కన్ను పెట్టాడు. చాలాసేపు ఆ కన్ను తీయలేదు. "బహెన్‌జీ, ఇస్కో నహలాతా కౌన్ హై?" అన్నాడు. దీనికి స్నానాలు చేయించేదెవరని.

"మా చెల్లే. సిన్నప్పట్నుంచీ అదే," అని అన్నయ్య గర్వంగా హిందీలో జవాబిచ్చి, తెలుగులో కూడా మురిసిపోయాడు.

ముసలాయన నన్నూ చూడమన్నాడు. పురుగు తిన్న వంకాయ కోస్తే లోపల ఎలా ఉంటుందో అలా ఉంది. నిలబెట్టి పోసిన నీళ్లలో వంపగా మిగిలిందంతా అడుగున చేరి ఇనుముని తినేసిందట. మందు అంటుకున్నప్పుడు దెబ్బంతా తగిలేది సరిగ్గా అక్కడేనట. పేల్చేవాడి ఎడమచెయ్యి పట్టుకునేదీ అక్కడేనట. పై కర్ర కొత్తది వేస్తాను, పైన మెరుగు పెడతాను, ఇక పేలకుండా గొట్టాల్లో సీసం పోసి మూసేస్తాను, గోడకి తగిలించుకోండి అన్నాడు. లోపల మాత్రం మెరుగు పెట్టనన్నాడు. ఆ గుంటలు కనబడకుండా పోవాలంటే చుట్టూ ఉన్న మంచి ఇనుమంతా గీకాలి, అప్పుడు మిగిలేది రేకే అన్నాడు.

బయటికి రాగానే అన్నయ్య మండిపడ్డాడు. "నాన్న తుపాకీ నోట్లో సీసం పొయ్యమంటాడేటి! ఆడికి పని రాదు, అంతే."

ఇంకో ఊళ్లో ఇంకొకణ్ని పట్టుకున్నాడు. దసరాకి వారం ముందు తుపాకీ పెళ్లికొడుకులా తిరిగొచ్చింది. కర్ర ఎర్రగా, ఇనుము నీలంగా, నూనె వాసనేస్తూ. "లోపల సూడే!" అని అన్నయ్య గొట్టం నా కంటికి ఆనించాడు. అద్దం. ఒక్క గుంట లేదు. ఈ మెరుపుకి ఎంత ఇనుము ఖర్చయిందో తెలిసి భయపడేదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. పేలిస్తే గొట్టం పగిలి చెయ్యి పోతుందని ఆ వారమంతా చెబుతూనే ఉన్నాను. "నాన్న పేల్సినాడు, తాత పేల్సినాడు, నాకేటి సేతుల్లేవేటి?" అనేవాడు. వదినతో మొరపెట్టుకుంటే, "మీ అన్నయ్య మాట వినే మనిషైతే నా బతుకిలా ఉంటాదేటి?" అని పప్పు రుబ్బుకుంది.

విజయదశమి మధ్యాహ్నం పూజ అయింది. ఆ ఏడు నేను నీళ్లు పొయ్యలేదు. అన్నయ్య తుపాకీ తీసుకుని వాకిట్లోకి నడిచాడు. మేనల్లుడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు, నేరమని చెప్పినవాడే. అన్నయ్య కోడలు గుమ్మంలో నిలబడి పిల్ల చెవులు రెండూ అరచేతులతో మూసింది. పిల్ల నవ్వుతోంది. అన్నయ్య తుపాకీ మడత తెరిచి రెండు తూటాలు పెట్టి, టక్కున మూసి, పైకెత్తాడు. ఆ టక్కుమన్న చప్పుడుకి నేనెలా మెట్లు దిగానో తెలియదు. వెళ్లి ఆయన ఎడమచేతి పక్కనే గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది.

"పేల్చు అన్నయ్యా. దీన్ని పాడుచేసినవి ఈ చేతులే. పోతే ఇవీ పోనీ."

"తియ్యే."

"తియ్యను."

సందు చివర డప్పులు మోగుతున్నాయి. ఆయన వేలు ఇంకా తుపాకీ మీట మీదే ఉంది, నాకు కనబడుతోంది. చిన్నప్పుడు పంతం వస్తే ఎలా పళ్లు బిగించేవాడో అలాగే బిగించాడు. నిజంగానే పేలుస్తాడనుకున్నాను. ఆ క్షణంలో నాకు అన్నయ్య మీద ప్రేమ లేదు, ఉన్నదంతా భయమే. ఆఖరికి తుపాకీ దించి తెరిచాడు. తూటాలు రెండూ జేబులో వేసుకున్నాడు. "నలుగురిలో నా పరువు తీసినావు. ఇంక మా గుమ్మం తొక్కకు," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఏడాది కావస్తోంది, మాట్లాడలేదు. తుపాకీ వాళ్ల హాల్లో గోడకి వేలాడుతోంది. సీసం పోయించలేదు. తూటాలు పారేయలేదని వదిన ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. దసరా మళ్లీ దగ్గరికొచ్చింది. ఆ రోజు గొట్టం పగిలి ఉంటే నా మాట నిజమని తేలేది. పగల్లేదు గనక ఆయన లెక్కలో నేను అబద్ధాలకోరునే. ఎవరికి చూపించి రుజువు చేసుకోను? ఒక్కోసారి ముసలాయనే పొరపడ్డాడేమో, ఏమీ అయ్యేది కాదేమో అని నాకే అనిపిస్తుంది. అప్పుడు ఇంకా భయం వేస్తుంది.

పొద్దున్నే అన్నయ్య సందుకి అటువైపు తన ప్రహరీ పక్కన పూజకి మందారాలు కోస్తాడు. మనవరాలు ఇప్పుడు నడుస్తోంది, ఆయన ఎడమచేతి వేలు పట్టుకుని నిలబడుతుంది. నేను కిటికీ పక్కన చేరి ఆ చేతినే చూస్తాను. ఆయన ఇటు తల తిప్పడు. జరిగిపోయినవాటిని కాలం ఎలాగో సర్దేస్తుంది, జరగనివాటిని ఏం చెయ్యాలో దానికీ తెలిసినట్టు లేదు.